గార్డుగారి వాచీ, సరయేవో గడియారం

పెళ్ళి కాని ఆ రోజుల్లో టైము అనేది మా ఇంట్లో నాన్నగారికి సంబంధించిన వస్తువు, నాకు కాదు. ఆయన పౌరోహిత్యం చేసేవారు. ఉంగుటూరు పక్కన మా ఊళ్ళోనూ, కాలవ వెంబడి మరో నాలుగైదు ఊళ్ళలోనూ ఎవరింట్లో శుభకార్యమైనా నాన్నగారు చెప్పిన నిమిషానికి జరగవలసిందే. ఘడియలూ విఘడియలూ వర్జ్యాలూ ఆయన నాలుక మీద ఉండేవి. ఆయన కడుపున పుట్టిన నేను మాత్రం బడికి ఆలస్యం, పరీక్షకి ఆలస్యం, ఆఖరికి ఉద్యోగంలో చేరవలసిన రోజున కూడా ఆలస్యం. (పుట్టడమే డాక్టరు చెప్పిన రోజుకి వారం తరవాత పుట్టానని అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.) ఇంటికి రావలసిన టైమంతా నాన్నగారే వాడేసుకున్నారని సరిపెట్టుకుని తిరిగేవాణ్ణి. ఆ ధీమా నన్ను ఎక్కడో పరాయి దేశపు రాజధానిలో, ఒక పాత గడియార స్తంభం కింద నిలబెట్టి చెమటలు పట్టిస్తుందని నాకేం తెలుసు.

అప్పట్లో కొల్లేటి వైపు, కైకలూరు దగ్గర ఒక చేపల మేత తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. తాడేపల్లిగూడెం నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ని గార్డుగారనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే అంటాను. జీవితమంతా పచ్చజెండా ఊపి బండ్లు నడిపించిన మనిషి. పెళ్ళిచూపులు సాయంత్రం నాలుగింటికన్నారు. అమ్మా నాన్నగారూ అన్నయ్యా కారులో ముందే వెళ్ళారు. నేను ఫ్యాక్టరీ నుంచి బండి మీద సూటిగా అక్కడికే వెళ్ళి, అయిదున్నరకి గుమ్మం ఎక్కాను. అందరూ నావైపే చూస్తున్నారు. "దారిలో రైలు గేటు పడిందండి" అన్నాను. ఎవరితో అంటున్నానో అనేసిన తరవాత తట్టింది. గార్డుగారు కళ్ళజోడు సవరించుకుని, "ఏ బండికి పడిందండీ బాబుగారూ?" అన్నారు. "గూడ్సు అనుకుంటానండి" అన్నాను. "ఆ టైములో గూడ్సాండీ?" అన్నారాయన, అదీ ఎంతో మెత్తగా. అంతటితో ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

అమ్మాయి ఒప్పుకుంది. మాకూ నచ్చింది. (నాకు ఎంత నచ్చిందో చెప్పాలంటే ఇంకో రెండు పేజీలు కావాలి. పక్కనే కూర్చుని చదువుతోంది కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.) కానీ గార్డుగారు పూర్తిగా అవుననలేదు. "కుర్రాడు బుద్ధిమంతుడేనండీ, టైము సంగతే కాస్త చూడాలి" అని నాన్నగారితో అన్నారట. పదిరోజుల్లో ఆషాఢం వచ్చేస్తోంది, అది వస్తే మళ్ళీ శ్రావణం దాకా ఆగాలి కాబట్టి, నిశ్చయ తాంబూలాలకి నాన్నగారు జూన్ నెలాఖరులో ఒక ముహూర్తం వెతికి పట్టారు. సాయంత్రం ఆరుగంటల పన్నెండు నిమిషాలు. సరిగ్గా అప్పుడే మా ఓనరుగారు నన్ను సరయేవో అనే ఊరు వెళ్ళమన్నారు. బోస్నియా దేశానికి అది రాజధాని. అక్కడ మేత తయారుచేసే మిషను ఒకటి చూసి రావాలి, వీసా వచ్చేసింది, టిక్కెట్లు తీసేశారు. తాంబూలాలు పెద్దవాళ్ళు మార్చుకునేవే కదా, పెళ్ళికొడుకు లేకపోయినా ఫరవాలేదన్నారు నాన్నగారు. గార్డుగారు ఒప్పుకోలేదు. "మనిషి రాకపోతే రాకపోనివ్వండి. ముహూర్తం టైముకి మాత్రం వీడియోలో మొహం కనపడాలండి. అలా కనపడకపోతే ఈ సంబంధం గురించి మళ్ళీ ఆలోచించుకుందాం" అన్నారు. అని, నేను బయల్దేరేముందు ఒక చేతివాచీ ఇచ్చారు. "ఇందులో మన టైమే ఉంటుందండి బాబుగారూ. అక్కడికి వెళ్ళాక తిప్పకండి. ఇందులో ఆరయ్యేసరికి మీరు ఫోను ముందుండాలి. లెక్కలూ అవీ పెట్టుకోవద్దు, తికమక పడతారు." సరయేవోలో టైము మనకంటే మూడున్నర గంటలు వెనక అని అన్నయ్య చెప్పాడు గానీ, వాచీ ఉండగా ఆ గొడవ నాకెందుకని వదిలేశాను.

రెండు విమానాలు మారి, సరిగ్గా ముహూర్తం రోజు పొద్దున్నే అక్కడ దిగాను. విమానంలో పడుకున్నాను, టాక్సీలో పడుకున్నాను, హోటల్లో నిలబడే కునుకు తీశాను. గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వమన్నారు. సామాను అక్కడ పడేసి, కాళ్ళు తీసుకెళ్ళిన చోటికి వెళ్ళాను. అవి పాతబజారుకి తీసుకెళ్ళాయి. రాతిపలకలు పరిచిన సందులు, చిన్న చిన్న కొట్లు, ఎక్కడ చూసినా రాగిపనివాళ్ళ సుత్తి చప్పుడు. ఏలూరులో ఇత్తడి సామాన్ల కొట్ల మధ్య నడుస్తున్నట్టే ఉంది, చెప్పులకింద బురద ఒక్కటే తక్కువ. టర్కీ సుల్తానుల కాలం నాటి మసీదు ఒకటి ఉంది, దాని పక్కనే అదే కాలం నాటి గడియార స్తంభం. నాలుగు పలకల రాతి కట్టడం, బాగా ఎత్తు, పైకి వెళ్ళేకొద్దీ సన్నటి కిటికీలు, నాలుగువైపులా నాలుగు గడియారాలు, బంగారు రంగు ముళ్ళు. తల వెనక్కి వంచి చూస్తూ, ఇంత పాతది ఇంకా తిరుగుతోందంటే గొప్పే అనుకుని, ఇది కరెక్టుగానే చూపిస్తోందా అని సరదాకి నా వాచీతో పోల్చాను.

స్తంభం మీద నాలుగూ అయిదు. నా చేతి మీద నాలుగూ అయిదు.

మొదట ముచ్చటేసింది. రెండూ కలిశాయి కదా, గార్డుగారి వాచీ గట్టిదే అనుకున్నాను. ఫొటో కూడా తీశాను, ఫోనులోనూ నాలుగూ అయిదే. ఆ తరవాత, కాలికింద ముల్లు దిగినట్టు, ఒక ఆలోచన దిగింది. నా వాచీలో ఉండవలసింది తాడేపల్లిగూడెం టైము. ఈ స్తంభం చూపించేది ఈ ఊరి టైము. రెండూ ఒకటెలా అవుతాయి? కావు. అంటే నా వాచీ ఇక్కడి టైముకి మారిపోయింది. ఎవరు మార్చారు? ఇంకెవరు, నేనే. విమానం దిగేముందు అందరూ వాచీలు తిప్పుకుంటూ ఉంటే నిద్రమత్తులో నేనూ తిప్పేసి ఉంటాను. ఫోనులు వాటంతటవే మారతాయని అన్నయ్య చెప్పనే చెప్పాడు. అయితే ఇప్పుడు మన దగ్గర ఎంత? నాలుగూ అయిదుకి మూడున్నర గంటలు కలిపాను. ఏడూ ముప్ఫై అయిదు. మళ్ళీ కలిపాను. వేళ్ళ మీద కలిపాను. ఎలా కలిపినా ఏడూ ముప్ఫై అయిదే వచ్చింది.

ముహూర్తం దాటి గంటా ఇరవై మూడు నిమిషాలు.

ఇప్పుడు మీకు ఒక అనుమానం రావచ్చు. ఎండ చూస్తే తెలియదా అని. తెలియదు. అక్కడ జూన్ నెలలో పొద్దు ఎనిమిదిన్నర దాకా గుంకదని విమానంలో పక్కసీటాయన చెప్పాడు, కాబట్టి సూర్యుడి మీద నాకు నమ్మకం పోయింది. నడినెత్తిన ఎండ మాడుతున్నా, ఇక్కడ నాలుగింటికి ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. పోనీ ఎవరినైనా టైము అడగవచ్చు కదా అంటారా? ఎదురుగా అంతెత్తున నాలుగు గడియారాలు పెట్టుకుని టైము అడగడానికి సిగ్గేసింది. తరతరాలుగా ఊరు నడిబొడ్డున నిలబడ్డ గడియారం అబద్ధం చెబుతుందా? చెబితే నేనే చెప్పాలి, నాకే ఆ అలవాటు.

తాడేపల్లిగూడెంలో హాలు కళ్ళకి కట్టింది. ముప్ఫైమంది చుట్టాలు. నా బదులు ఒక కుర్చీ వేసి, దాని మీద ట్యాబ్ నిలబెడతామని అన్నయ్య చెప్పాడు. ఆ నల్లటి ట్యాబ్ ఎదురుగా పళ్ళూ తాంబూలమూ పెట్టుకుని, ఆరూ పన్నెండు దాటి, ఆరున్నర దాటి, గార్డుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటారు. నాన్నగారు తలొంచుకుని ఉంటారు. ఎందరి పెళ్ళిళ్ళకో ముహూర్తాలు పెట్టిన మనిషి, సొంత కొడుక్కి పెట్టిన ముహూర్తం కొడుకే తప్పాడు. అది తలుచుకుంటే నిజంగా కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుని ఉంటుందో ఊహించుకోవడానికి ధైర్యం చాలలేదు.

నా ఫోనుకి వైఫై ఉంటేనే ప్రాణం. స్తంభానికి ఎదురుగా ఒక కాఫీకొట్టు కనపడింది. మా మేనత్త వయసు ఉన్న ఆవిడ నడుపుతోంది. పరుగున వెళ్ళి "వైఫై, వైఫై" అన్నాను. నా మొహం చూసి ఆవిడ కంగారుపడి, ముందు మంచినీళ్ళు ఇచ్చి, తరవాత కాగితం మీద పాస్‌వర్డు రాసి ఇచ్చింది. కంగారులో రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి కలిసింది. తిట్లు, మిస్డ్ కాల్సు, మెసేజులు వరసగా పడతాయని గుండె గట్టి చేసుకున్నాను. ఏమీ పడలేదు. ఒక్క కాల్ లేదు. ఒక్కరు కూడా ఎక్కడున్నావురా అని అడగలేదు. అంటే కోపం ఫోను చేసే దశ దాటిపోయింది. నన్ను వదిలేసుకున్నారు. గార్డుగారికి కాల్ చేశాను, ఎత్తలేదు. అన్నయ్యకి చేశాను, వాడూ ఎత్తలేదు. ఇక అనుమానమే లేదు.

వాయిస్ మెసేజ్ పెట్టడానికి కూర్చున్నాను. మొదట జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరానని చెప్పాను. వెనకనుంచి రాగిచెంబులు కొడుతున్న చప్పుడు బ్రహ్మాండంగా వినిపించింది, ఏ ఆసుపత్రిలోనూ అలాంటి చప్పుడు ఉండదు. దాన్ని తుడిపేశాను. రెండోసారి విమానం ఆలస్యమైందని మొదలుపెట్టి, బండ్ల సంగతి ఆయనకి చెప్పి ఒకసారి అయిందని గుర్తొచ్చి ఆపేశాను. మూడోసారి నాకే తెలియకుండా నోట్లోంచి నిజం వచ్చేసింది.

"నమస్కారమండీ మామయ్యగారూ. ముహూర్తం తప్పిపోయిందండి. మీ వాచీ తప్పేం లేదు, నేనే నిద్రలో తిప్పేసినట్టున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలండి. ఆ రోజు గేటు పడలేదు. నేను నాలుగింటికి పావుగంట ముందే మీ వీధి చివరికి వచ్చేశానండి. అరుగు మీద అంతమంది పెద్దవాళ్ళని చూసేసరికి భయమేసి, వెనక్కి వెళ్ళి, సందులో బజ్జీల బండి దగ్గర కూర్చుండిపోయాను. అయిదున్నర దాకా ధైర్యం రాలేదండి. మీ అమ్మాయిగారు డాబా మీంచి నన్ను చూశారు. లోపల కాఫీ ఇస్తూ, బజ్జీలు బాగున్నాయాండీ అని మెల్లగా అడిగారు. ఎవరికీ చెప్పలేదు. అప్పుడే నాకు తెలిసిపోయిందండి, చేసుకుంటే ఈవిడనే చేసుకోవాలని. మీరు వద్దంటే అది మీ ఇష్టం. కానీ అబద్ధం చెప్పి మీ ఇంటికి రావడం నాకు ఇష్టం లేదండి."

మూడు నిమిషాలకు పైగా సాగింది. పంపించేశాను. గుండె కాస్త తేలికపడింది. తలెత్తి చూస్తే కాఫీ అమ్మ నా ఎదురుగా కూర్చుని ఉంది. భాష తెలియకపోయినా ఏడుపు తెలుస్తుంది కదా. వచ్చీరాని ఇంగ్లీషులో ఏమైందని అడిగింది. స్తంభం వైపు చూపించి, నా వాచీ చూపించి, లేటు, పెళ్ళి, లేటు అన్నాను. ఆవిడ ఒకసారి స్తంభాన్నీ, ఒకసారి నన్నూ చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, తన ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది. అందులో టైము మధ్యాహ్నం పన్నెండూ యాభై అయిదు.

ఆవిడ చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఆ గడియారం మామూలు టైము చూపించదు. నమాజు వేళల కోసం పెట్టిన పాతకాలపు లెక్క అది. రోజూ పొద్దు గుంకే క్షణానికి అందులో పన్నెండు అవ్వాలి. పొద్దు రోజురోజుకీ జరుగుతుంది కాబట్టి, ఆ పనికోసం ఉన్న మనిషి ఎప్పటికప్పుడు మెట్లెక్కి వెళ్ళి ముళ్ళు సరిచేస్తాడు. పౌరోహిత్యం ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాట వినగానే సిగ్గుతో చచ్చిపోయాను. మా నాన్నగారి ఘడియలూ సూర్యోదయం నుంచే లెక్క. వాళ్ళు పొద్దు గుంకడం నుంచి మొదలుపెట్టారు, మేం పొద్దు పొడవడం నుంచి, అంతే తేడా. ఇక అసలు విచిత్రం వినండి. జూన్ నెలాఖరులో అక్కడ పొద్దు గుంకేది ఎనిమిదిన్నరకి. దానికి మూడున్నర కలిపితే మనకి పన్నెండు. అంటే ఏడాది మొత్తంలో ఆ కొద్దిరోజులూ, ఆ సుల్తానుల కాలం నాటి స్తంభం అచ్చంగా మన తాడేపల్లిగూడెం టైము చూపిస్తుంది. నా వాచీ కరెక్టు. ఇక్కడి సిగ్నలు అందక మన టైములోనే ఉండిపోయిన ఫోను కరెక్టు. స్తంభం కూడా కరెక్టే. నేనొక్కణ్ణే తప్పు.

మన దగ్గర ఇంకా నాలుగూ ఇరవై అయిదే. ముహూర్తానికి దాదాపు రెండు గంటలు ఉంది. ఆనందంతో కాఫీ అమ్మ చేతులు పట్టుకున్నాను. వెంటనే మెసేజ్ గుర్తొచ్చింది. తుడిపేద్దామని ఫోను తీసేసరికి దాని పక్కన రెండు నీలం గీతలు కనపడ్డాయి. ఆయన వినేశారు. ముహూర్తం తప్పకుండానే తప్పిందని చెప్పి, గేటు సంగతి ఒప్పేసుకుని, పాపం ఏ పాపమూ ఎరగని ఆ పిల్లని కూడా ఇరికించాను. ఇంతలో అన్నయ్య ఫోను.

"ఒరేయ్, ఏంట్రా ఆ మెసేజు? ఆయనకి స్పీకరు పెట్టి వినడం అలవాటురా. హాల్లో బంతిపూలు కడుతున్నవాళ్ళందరం విన్నాం."

"నాన్నగారు?"

"విన్నారు. పంచాంగం తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు."

"గార్డుగారు ఏమన్నారు?"

"లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ అమ్మాయి వంటింట్లోంచి బయటికి రావట్లేదు. ఇప్పుడేం చెయ్యాలో మాకు తెలియట్లేదురా, నువ్వు మాత్రం ఇంకేం పంపించకు."

ఆ తరవాతి గంటన్నర నేను ఎలా గడిపానో చెప్పలేను. హోటలుకి వెళ్ళాను, బతిమాలితే గది కాస్త ముందే ఇచ్చారు, మొహం కడుక్కున్నాను, సూట్‌కేసులోంచి పట్టుచొక్కా తీసి వేసుకున్నాను. ఫోనుని పూలకుండీకి ఆనించి, దాని ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాను. వాచీలో అయిదూ ఇరవై. అయిదూ నలభై. గార్డుగారు గదిలోంచి వచ్చారో లేదో అడుగుదామంటే అన్నయ్య ఫోను ఎత్తలేదు. కిటికీలోంచి దూరంగా ఆ స్తంభం పైభాగం కనపడుతోంది. దానివైపు చూడ్డం మానేశాను.

అయిదూ యాభై రెండుకి ఫోను మోగింది. కుర్చీ మీద ట్యాబ్ పెట్టి, కుర్చీకి కండువా కూడా కప్పారు. ఒక్కొక్కరే వచ్చి నావైపు వంగి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోతున్నారు. ఆరయింది. ఆరూ అయిదు. గార్డుగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. నావైపు చూడలేదు. అమ్మాయిని తీసుకొచ్చి కూర్చోబెట్టారు, తలవంచుకుని ఉంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అది కోపమో నవ్వో ఆ చిన్న తెరలో పోల్చుకోలేకపోయాను. నాన్నగారు మంత్రాలు మొదలుపెట్టారు. ఆరూ పది. పళ్ళెం గార్డుగారి చేతుల్లో ఉంది. ఆరూ పదకొండు. ఆయన చేతులు కదల్లేదు. నాన్నగారు మంత్రం ఆపి "ముహూర్తం వచ్చిందండీ" అన్నారు. గార్డుగారు అప్పుడు మొదటిసారి తలెత్తారు. లేచి, పళ్ళెం పట్టుకునే కుర్చీ దగ్గరికి వచ్చి, కళ్ళజోడు తెరకి తగిలేంతగా వంగారు.

"ఏమండీ అల్లుడుగారూ, దారిలో గేటేమీ పడలేదు కదా?"

హాలు గొల్లుమంది. నాకు మాత్రం గేటు వినపడలేదు, అల్లుడుగారూ అన్న మాట ఒక్కటే వినపడింది. అప్పటిదాకా బాబుగారూ అనేవారు. "లేదండి" అన్నాను. ఆయన తిరిగి వెళ్ళి పళ్ళెం నాన్నగారి చేతుల్లో పెట్టారు. వెనకాల ఆ అమ్మాయి తలెత్తి, పమిట అంచు నోటికి అడ్డం పెట్టుకుని, నావైపు చూసింది. నవ్వే.

చాలా ఏళ్ళ తరవాత ఒకసారి, అరుగు మీద కూర్చుని ఉండగా నేనే ఆయన్ని అడిగాను, ఆ రోజు గదిలో తలుపేసుకుని ఏం చేశారు మామయ్యగారూ అని. "నవ్వుకున్నానండి" అన్నారు. "పెళ్ళివారి ముందు ఆడపిల్ల తండ్రి అంతలా నవ్వితే బాగుండదు కదా." మళ్ళీ ఆయనే, "ఆ లైన్లో ఆ టైముకి బండి లేదని నాకు ముందే తెలుసండి. ముహూర్తం లోపల మిమ్మల్ని అడుగుదామనే ఉన్నాను. మీరే చెప్పేశారు" అన్నారు. అడిగితే నేను మళ్ళీ గూడ్సు అని ఉంటే ఏం చేసేవారని అడిగాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని వీధిలోకి చూశారు.

ఆయన పోయి మూడేళ్ళయింది. వాచీ నా చేతికే ఉంది. ఇప్పటికీ నేను ఆలస్యంగా ఇల్లు చేరితే మా ఆవిడ తలుపు తీస్తూ "గేటా, బజ్జీలా?" అంటుంది. చాలామటుకు బజ్జీలే. జూన్ నెలాఖరు వచ్చినప్పుడు మాత్రం ఆ వాచీ వైపు రెండోసారి చూస్తాను. ఇందులో ఎంతయితే ఆ ఊరి స్తంభం మీదా ఇప్పుడు అంతే అని తెలిసి, దాని కింద కళ్ళనీళ్ళు పెట్టుకుని వేళ్ళ మీద గంటలు కలుపుకుంటున్న ఆ పిచ్చివాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక పనికి రెండు గంటలు ముందున్నది ఆ ఒక్కరోజే. ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు.